గది గుమ్మంటోందా, మాట మసకగా ఉందా? మీ ఇంటికి ఏ ఈక్వలైజర్ సరిపోతుంది

షోరూమ్‌లో బ్రహ్మాండంగా మోగిన స్పీకర్లే ఇంటికి తెచ్చి పెట్టాక గుమ్ము గుమ్మని మోగడం చాలా ఇళ్లలో జరిగేదే. స్పీకర్ అదే, పాట అదే. మారింది గది. షోరూమ్ హాలు పెద్దది, అక్కడ సామాను నిండుగా ఉంటుంది. మన ఇంట్లో పది అడుగుల గది, గచ్చు గోడలు, నేల మీద గ్రానైటో టైల్సో, పైన పది అడుగుల ఎత్తులో స్లాబు. శబ్దాన్ని పీల్చుకునే వస్తువంటూ ఉంటే అది సోఫా ఒక్కటే. అప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఈక్వలైజర్.

అయితే ఈక్వలైజర్ అంటే ఒకే వస్తువు కాదు. ఆంప్లిఫైయర్ మీద బేస్, ట్రెబుల్ నాబ్‌లు ఒక రకం. పది స్లైడర్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ ఇంకొకటి. ఫ్రీక్వెన్సీని, అంటే స్వరం ఎత్తుని, అంకెతో సహా మనమే ఎంచుకునే పారామెట్రిక్ మూడోది. మైకు పెట్టి గదిని కొలిచి తనంతట తానే సరిచేసుకునే ఆటోమేటిక్ దిద్దుబాటు నాలుగోది. ఏది ఎక్కువ ఖరీదో చూసి ఎంచుకుంటే లాభం లేదు. తప్పు ఎక్కడుందో తేల్చుకుని ఎంచుకోవాలి. తప్పు రికార్డింగ్‌లో ఉండొచ్చు, స్పీకర్‌లోనో హెడ్‌ఫోన్‌లోనో ఉండొచ్చు, గదిలో ఉండొచ్చు, లేదా మనం వింటున్న వాల్యూమ్‌లోనే ఉండొచ్చు.

తొందరలో ఉన్నవాళ్లకు మా సలహా ఇది. పాటలు కంప్యూటర్ నుంచో ఆండ్రాయిడ్ ఫోన్ నుంచో వింటుంటే ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఈక్వలైజర్ పెట్టుకోండి, విడిగా పెట్టె కొనొద్దు. హోమ్ థియేటర్ రిసీవర్ ఉంటే అందులోని ఆటోమేటిక్ దిద్దుబాటు వాడండి, కానీ దాన్ని కింది స్వరాల వరకే పరిమితం చేయండి. పాత ఆంప్లిఫైయర్, రెండు స్పీకర్లు, రేడియో, టీవీ మాత్రమే ఉంటే నాబ్‌లు చాలు, కాకపోతే ముందు స్పీకర్ల చోటు సరిచేయాలి.

వినిపిస్తున్న తప్పుకు చిరునామా

ఒకే ఒక్క స్వరం దగ్గర గది మొత్తం గుమ్మని, మిగతా చోట్ల మామూలుగా ఉంటే అది 40 నుంచి 120 హెర్ట్జ్ మధ్య గది చేసే పని (హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ స్వరం పైకి వెళ్తుంది). మగ గొంతు కుండలోంచి వచ్చినట్టుంటే 150 నుంచి 300 మధ్య చూడాలి. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటే 500 నుంచి 1000 మధ్య. నాదస్వరం, హార్మోనియం చెవిలో గుచ్చుతుంటే 2500 నుంచి 4000 మధ్య. పాటలో స, శ, ష వచ్చిన ప్రతిసారీ సుయ్‌మని కోస్తుంటే 5000 నుంచి 8000 మధ్య. అంతా బాగానే ఉన్నా మొత్తం మీద దుప్పటి కప్పినట్టుంటే పై స్వరాలు తగ్గాయన్నమాట.

ఒక పాటలోనే అలా ఉంటే తప్పు రికార్డింగ్‌ది. అన్ని పాటల్లోనూ ఉండి, హెడ్‌ఫోన్ పెట్టుకోగానే పోతే స్పీకర్‌దో గదిదో. నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడితే మోత మారిపోతే అది కచ్చితంగా గదిదే. ఈ చిన్న పరీక్ష చేయకుండా స్లైడర్లు కదిపితే రోజుల తరబడి కదుపుతూనే ఉండాలి.

బేస్, ట్రెబుల్ నాబ్‌లు

ఇప్పటి నాబ్‌ల మూల సర్క్యూట్ 1952లో పీటర్ బాక్సండాల్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు ప్రచురించినది. బేస్ నాబ్ ఒక మలుపు నుంచి కింది స్వరాలన్నిటినీ ఒకేసారి ఎత్తుతుంది, లేదా దించుతుంది. ట్రెబుల్ నాబ్ పై స్వరాలకు అదే చేస్తుంది. అందుకే ఇవి రికార్డింగ్ తేడాలకు చక్కగా పనికొస్తాయి. 1950లు, 60ల నాటి ఘంటసాల పాటల్లో పై స్వరాలు అసలే తక్కువ. ట్రెబుల్ పెంచితే పాటకన్నా ముందు హిస్స్ పెరుగుతుంది. రెండు గీతలు తగ్గిస్తే గొంతు ముందుకొస్తుంది. కొత్త సినిమా పాటల్లో బేస్ మరీ ఎక్కువనిపిస్తే ఒక గీత దించితే చాలు. పాట మారినప్పుడల్లా చెయ్యి చాచి తిప్పుకునే వీలు నాబ్‌కి ఉన్నంతగా మరి దేనికీ లేదు. అందుకే మిగతా ఏ పద్ధతి ఎంచుకున్నా నాబ్‌ల అలవాటు మానొద్దంటాం.

తక్కువ వాల్యూమ్‌లో వినడానికి కూడా ఇవే మేలు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి కింది స్వరాలు ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లో కొలిచి చూపించింది ఇదే. కాబట్టి రాత్రిపూట పిల్లలు పడుకున్నాక వింటూ బేస్ 3, 4 డీబీ (డెసిబెల్, శబ్దం హెచ్చుతగ్గుల కొలత) పెంచుకోవడంలో తప్పు లేదు. పొద్దున్న వాల్యూమ్ పెంచినప్పుడు దాన్ని మళ్లీ సున్నాకి తెచ్చుకోవాలి, అంతే. రిసీవర్లలో లౌడ్‌నెస్ అన్న బటన్ ఉండేది ఈ పనికే.

గది గుమ్మనడాన్ని మాత్రం ఈ నాబ్‌లు సరిచేయలేవు. ఒక్క స్వరం కోసం కింది స్వరాలన్నిటినీ దించేస్తాయి.

పది స్లైడర్లా, పారామెట్రిక్కా?

అసలు పోలిక ఇక్కడే ఉంది. కాబట్టి ఒక గదిని తీసుకుని లెక్కతో సహా చూద్దాం.

గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, స్లాబు ఎత్తు 10 అడుగులు అనుకుందాం. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర పేరుకుపోతుంది. ఆ ఫ్రీక్వెన్సీ తెలుసుకోవాలంటే 565ని అడుగులతో భాగించండి. 12 అడుగులకు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56 హెర్ట్జ్ వస్తుంది. వెడల్పూ ఎత్తూ రెండూ పదే కావడంతో 56 దగ్గర రెండు మోతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇలాంటి గదుల్లో బేస్ ముద్దగా వినిపించడానికి పెద్ద కారణం ఇదే.

ఇప్పుడు బేస్ గిటార్ సంగతి చూడండి. దాని నాలుగు తీగలూ నొక్కకుండా మీటితే సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్ పలుకుతాయి. పై గదిలో 55 పలికే తీగ మోగినప్పుడల్లా గది లేచి కూర్చుంటుంది, మిగతా మూడూ అంతగా మోగవు.

పది స్లైడర్ల ఈక్వలైజర్‌లో దీనికి దగ్గరగా ఉన్నది 62 హెర్ట్జ్ స్లైడర్. మిగతావి 31, 125, 250, 500, 1000, 2000, 4000, 8000, 16000. ఒక్కో స్లైడర్ దాదాపు ఒక స్థాయి, అంటే సప్తకమంత వెడల్పుగా పనిచేస్తుంది. 62ని 6 డీబీ దించితే 55 తీగ 5.3 డీబీ తగ్గుతుంది. బాగానే ఉంది. కానీ దాంతోపాటు ఏ పాపం ఎరగని 73 తీగ 4.9 డీబీ, 41 తీగ 2.5, 98 తీగ 2.2 డీబీ తగ్గిపోతాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, గుమ్మనడం తగ్గేసరికి పాటలో బేస్ కూడా పలచబడుతుంది. గుమ్మనే స్వరానికీ పక్క స్వరాలకీ ఉన్న తేడా మాత్రం పెద్దగా తగ్గదు.

పారామెట్రిక్‌లో మూడు అంకెలు మన చేతిలో ఉంటాయి: ఏ ఫ్రీక్వెన్సీ, ఎన్ని డీబీ, ఎంత వెడల్పు. మూడోదాన్ని క్యూ అంటారు. క్యూ పెరిగేకొద్దీ పట్టు సన్నబడుతుంది. క్యూ 1.4 అంటే ఒక సప్తకం వెడల్పు, 4.3 అంటే అందులో మూడో వంతు. ఇదే గదిలో 56 హెర్ట్జ్, మైనస్ 6 డీబీ, క్యూ 5 అని పెడితే 55 తీగ 5.8 డీబీ తగ్గుతుంది. 73 తీగ 0.8, 41 తీగ 0.6, 98 తీగ 0.2 మాత్రమే కదులుతాయి. అంటే పక్కవాటిని దాదాపు ముట్టుకోదు.

చేత్తో సరిచేసుకునే ఈక్వలైజర్లలో గది సమస్యకు పారామెట్రిక్ తప్ప వేరే ఏదీ సరిగా పనిచేయదని మేం గట్టిగా చెప్పేది ఈ అంకెలు చూసే. గ్రాఫిక్ కావాలనుకుంటే 31 బ్యాండ్లది కొంత నయం, ఎందుకంటే అందులో ఒక్కో స్లైడర్ సప్తకంలో మూడో వంతే. కానీ అవి వేదికల మీద వాడేవి. ఇంటి ఆంప్లిఫైయర్‌కి కలపాలంటే, శబ్దాన్ని బయటికి పంపి మళ్లీ లోపలికి తెచ్చుకునే టేప్ మానిటర్ లూపో, ప్రీ అవుట్, మెయిన్ ఇన్ సాకెట్లో కావాలి. కొత్త ఆంప్లిఫైయర్లలో చాలావాటికి అవి ఉండవు. కలిపాక ఎర్త్ తేడా వల్ల బుయ్‌మనే హమ్ రావడం మామూలు. పది స్లైడర్లది మొబైల్ యాప్‌లోనో వీఎల్‌సీలోనో ఉంటే, పాట రుచి మార్చుకోవడానికి వాడండి. గదికి వైద్యం మాత్రం దానితో చేయొద్దు.

పారామెట్రిక్ పెట్టుకునే పద్ధతి

విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. దాని పైన పీస్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే అంకెలు నింపే గళ్లు కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ సౌండ్ డివైస్‌కి వర్తించాలో అడుగుతుంది. యూఎస్‌బీ డాక్ (డిజిటల్ పాటను ఆంప్లిఫైయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె) వాడుతుంటే దాన్నే టిక్ చేయాలి. ల్యాప్‌టాప్ సొంత స్పీకర్‌ని టిక్ చేసి, పనిచేయట్లేదని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తర్వాత రీస్టార్ట్ తప్పనిసరి. ప్లేయర్ అవుట్‌పుట్ సెట్టింగుల్లో ఏఎస్ఐఓ గానీ వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ గానీ ఎంచుకుంటే శబ్దం ఏపీఓని దాటుకుని వెళ్లిపోతుంది, మార్పులేవీ వినిపించవు. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతే, డివైస్ ఎంచుకునే ఆ కిటికీ మళ్లీ తెరిచి టిక్ ఉందో లేదో చూడండి.

గుమ్మనే చోటు పట్టుకోవడానికి ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ చాలు. దాన్ని స్పీకర్లకు కలిపి, రోజూ కూర్చునే చోటే కూర్చోండి. వాల్యూమ్ మామూలు మాటల స్థాయికి మించొద్దు, ఒకే స్వరం ఎక్కువసేపు గట్టిగా వదిలితే స్పీకర్లకు మంచిది కాదు. 35 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి రెండేసి హెర్ట్జ్ చొప్పున 150 దాకా వెళ్లండి. పైకి వెళ్లేకొద్దీ శబ్దం మెల్లగా పెరిగినట్టు వినిపించడం సహజం, చెవి స్వభావం అది. మీరు వెతకాల్సింది ఉన్నట్టుండి ఉబికి, మళ్లీ తగ్గే చోటు. ఆ అంకె రాసుకోండి. గది కొలతలతో వేసిన లెక్కకు దగ్గరగా వస్తే సరైనదే పట్టుకున్నారు.

ఇక్కడ ఒక మోసం ఉంది. 60, 70 హెర్ట్జ్ దగ్గర బీరువా తలుపు గలగలమంటుంది. గోడ మీది ఫొటో ఫ్రేమ్, షోకేస్ అద్దం, కిటికీ రెక్క కూడా అంతే. వినేవాళ్లకు అది స్పీకర్ పగిలినట్టే ఉంటుంది. టోన్ మోగుతుండగా బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించండి. గలగల ఆగితే దొంగ దొరికినట్టే. తలుపు సందులో మడిచిన అట్టముక్క, ఫ్రేమ్ వెనక రెండు రబ్బరు ముక్కలు పెడితే సరిపోతుంది. దీన్ని ఈక్వలైజర్‌తో తగ్గించబోతే మంచి బేస్‌ని బలి ఇచ్చినట్టవుతుంది.

దొరికిన ఫ్రీక్వెన్సీకి క్యూ 5, మైనస్ 4 డీబీతో మొదలుపెట్టి, పాట వింటూ మైనస్ 8 దాకా మెల్లగా దించండి. గుమ్మనడం పోయి, ఆ స్వరం పక్కవాటితో సమానంగా వినిపించిన చోట ఆపండి. మామూలు గదికి ఇలాంటి ఫిల్టర్లు రెండు మూడు చాలు. పది పెట్టాల్సి వస్తోందంటే స్పీకర్ల చోటు బాగాలేదని అర్థం.

చెవి మీద నమ్మకం లేకపోతే ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత కొలత ప్రోగ్రామ్, దానితో పాటు కొలత మైకు వాడొచ్చు. మినీడీఎస్పీ వాళ్ల యూమిక్-1కి సీరియల్ నంబర్‌ని బట్టి దాని సొంత కాలిబ్రేషన్ ఫైల్ దొరుకుతుంది, దాన్ని లోడ్ చేయకుండా కొలవొద్దు. ఫోన్ మైకు మాటల కోసం తయారైనది, బేస్‌లో అది చూపించే గీతను నమ్మొద్దు. సబ్‌వూఫర్ విడిగా ఉండి, టీవీ, సీడీ, ఫోన్ అన్నీ ఒకే ఆంప్లిఫైయర్‌కి వచ్చే ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ చాలదు. మధ్యలో మినీడీఎస్పీ 2x4 హెచ్‌డీ లాంటి, లోపలే పారామెట్రిక్ ఉన్న చిన్న పెట్టె పెట్టడం న్యాయమైన ఖర్చు.

పెంచడం గురించి గట్టి హెచ్చరిక

తగ్గించడానికి ఖర్చు లేదు, పెంచడానికి ఉంది. 3 డీబీ పెంచితే ఆంప్లిఫైయర్ రెట్టింపు పవర్ ఇవ్వాలి. 6 డీబీకి నాలుగు రెట్లు, 10 డీబీకి పది రెట్లు. 5 వాట్లతో హాయిగా మోగుతున్న చోట 40 హెర్ట్జ్ స్లైడర్ 10 డీబీ ఎత్తితే ఆ స్వరానికి 50 వాట్లు కావాలి. నాలుగంగుళాల వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది గానీ గాలిని కదిలించలేదు, వినిపించేది పట్‌పట్‌మనే చప్పుడే.

సాఫ్ట్‌వేర్‌లో ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి పాటలు డిజిటల్ హద్దు అంచుదాకా నింపి ఉంటాయి. ఎక్కడ కొంచెం పెంచినా శబ్ద తరంగాల శిఖరాలు తెగి గరగరమంటుంది. అందుకే ప్రీయాంప్ అనే గడిలో, మీరు ఎక్కువగా పెంచిన ఫిల్టర్ ఎన్ని డీబీలైతే అన్ని డీబీలు మైనస్ పెట్టాలి. 4 పెంచితే ప్రీయాంప్ మైనస్ 4. రెండు ఫిల్టర్లు దగ్గరదగ్గరగా ఉంటే వాటి పెంపు కలిసిపోతుంది, అప్పుడు ఇంకొంచెం ఎక్కువ దించాలి.

లోటు ఉన్న చోట పెంచితే లాభం లేదని కూడా తెలుసుకోవాలి. స్పీకర్ ముఖం వెనక గోడకు ఒక మీటరు దూరంలో ఉంటే 86 హెర్ట్జ్ దగ్గర గోడకు తగిలి వచ్చిన శబ్దం, నేరుగా వచ్చిన శబ్దాన్ని కొట్టేస్తుంది. అక్కడ 6 డీబీ పెంచితే వెళ్లేదీ పెరుగుతుంది, తిరిగొచ్చేదీ పెరుగుతుంది, గుంట అలాగే ఉంటుంది. స్పీకర్‌ని జరపడం తప్ప దీనికి మందు లేదు. అలాగని గది మూలలోకి నెట్టొద్దు, మూల బేస్‌ని బాగా పెంచేస్తుంది. ఒక్కోసారి 20, 30 సెంటీమీటర్లు జరిపితేనే సగం పని అయిపోతుంది.

రిసీవర్లోని ఆటోమేటిక్ దిద్దుబాటు

డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో ఆడిసీ, యమహాలో వైపీఏఓ, ఇంకొన్నింటిలో డిరాక్ ఉంటాయి. పెట్టెలో వచ్చిన మైకుని చేత్తో పట్టుకుని కొలిచేవాళ్లున్నారు, అది తప్పు. కెమెరా స్టాండుకో, పొడవాటి కర్రకో బిగించి, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో పెట్టాలి. సోఫా వీపుకి ఆనించకూడదు, ఒక జానెడు ఎడం ఉండాలి. సీలింగ్ ఫ్యాన్, కూలర్, ఏసీ ఆపేయాలి. మొదటి కొలత సరిగ్గా మీరు కూర్చునే చోటే తీయాలి, ఎందుకంటే స్పీకర్ల దూరం, స్థాయి దాన్నుంచే లెక్కవుతాయి. మిగతా కొలతలు ఆ చుట్టూ రెండడుగుల లోపు తీస్తే చాలు. మూడు కొలతలతో ఆపేయకుండా ఆరో ఎనిమిదో తీయండి.

కొలత అయ్యాక చిన్న స్పీకర్లను కూడా రిసీవర్ ఒక్కోసారి లార్జ్ అని రాసుకుంటుంది. దాన్ని స్మాల్‌కి మార్చి, సబ్‌వూఫర్ ఉంటే క్రాసోవర్, అంటే ఏ స్వరం నుంచి కిందివి సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పే హద్దు, 80 హెర్ట్జ్ పెట్టండి. తర్వాత మా ముఖ్యమైన సలహా: డిరాక్‌లోనో, ఆడిసీ ఎడిటర్ యాప్‌లోనో దిద్దుబాటు హద్దుని 300 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ఆపేయండి. దానికి కింద పెత్తనం గదిది, పైన స్పీకర్‌ది. మంచి స్పీకర్ పై స్వరాలను మైకు కొలతను బట్టి మారిస్తే గొంతులో సహజత్వం పోయి ప్లాస్టిక్‌లా వినిపిస్తుంది.

హెడ్‌ఫోన్, ఫోన్, టీవీ

హెడ్‌ఫోన్‌లో గది ఉండదు కాబట్టి పని సులువు. ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టులో చాలా మోడళ్లకు సిద్ధంగా అంకెలున్నాయి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్ వాటిని నేరుగా వాడుకుంటుంది. 8000 హెర్ట్జ్ పైన ఇచ్చిన సవరణలు మీ చెవికి సరిపోకపోవచ్చు, అక్కడ సగానికి తగ్గించి వినండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కి కంపెనీ యాప్‌లో ఒక ఈక్వలైజర్, ఫోన్ సెట్టింగుల్లో ఒకటి, పాటల యాప్‌లో ఇంకొకటి ఉంటాయి. మూడూ ఆన్‌లో ఉంటే ఒకదానిమీద ఒకటి పడి బేస్ బురదవుతుంది. ఒకటే ఉంచి మిగతావి ఆపేయండి.

టీవీలో పెద్దవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే, సంగీతం వినిపిస్తుంది గానీ మాట అర్థం కాదు. అప్పుడు 250 హెర్ట్జ్ దగ్గర 3 డీబీ తగ్గించి, 2500 దగ్గర 2, 3 డీబీ పెంచండి. హల్లుల స్పష్టత ఆ పైభాగంలోనే ఉంటుంది. 5.1 సెట్టు ఉంటే ఇంతకన్నా మంచి దారి, సెంటర్ స్పీకర్ స్థాయిని 3 డీబీ పెంచడం. సౌండ్ బార్ కలిపి ఉంటే టీవీ మెనూలోని ఈక్వలైజర్ చాలా మోడళ్లలో బయటికి వెళ్లే శబ్దానికి వర్తించదు, సౌండ్ బార్ సొంత సెట్టింగుల్లోనే మార్చాలి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

ఈక్వలైజర్ ఆన్, ఆఫ్ చేస్తూ పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానంగా ఉండాలి. ఒక డీబీ గట్టిగా ఉన్నదే మంచిదిగా తోస్తుంది, ఎంతటి అనుభవజ్ఞుల చెవి అయినా ఇక్కడ పొరబడుతుంది. మూడు రకాల పాటలు ఎంచుకోండి: ఒక్క గొంతు, తంబూరా మాత్రమే ఉన్నది ఒకటి, మృదంగంతో కచేరీ ఒకటి, బేస్ గిటార్ నడిచే సినిమా పాట ఒకటి. గొంతు మనిషి గొంతులాగే ఉందా, మృదంగం ఎడమవైపు గుంకారం మోగి వెంటనే అణిగిపోతోందా, బేస్ గిటార్‌లో ప్రతి స్వరం విడివిడిగా తెలుస్తోందా చూడండి. కుదిరిన అంకెల్ని కాగితం మీద రాసి ఆంప్లిఫైయర్ కింద పెట్టుకోండి. పరుపు గదిలోకి వచ్చినా, కర్టెన్లు మారినా 100 హెర్ట్జ్ కింది ఫిల్టర్లు పెద్దగా మారవు, పైవాటిని మాత్రం మళ్లీ విని సరిచూసుకోవాలి.